పనితోపాటు నిర్ణయం కూడా: ఒక డెల్టా పాస్టరేటులో సేవా బృందాలు నిలబడిన తీరు

సంఘంలో పనిచేసేవారు లేరని బాధపడే కాపరులు నాకు తరచుగా ఎదురవుతారు. నేను సేవ చేసిన సంఘాలలో ఆ కొరత ఎక్కడా లేదు. క్రిస్మస్ నెల వస్తే తెల్లవారేదాకా ఇంటింటికీ తిరిగి పాటలు పాడే యౌవనస్థులు ఉన్నారు. వి.బి.ఎస్. (వేసవి సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిలు బడి) అంటే మే నెల ఎండలో పేటంతా తిరిగి పిల్లలను పోగుచేసుకొచ్చే టీచర్లు ఉన్నారు. గుడ్ ఫ్రైడే నాడు ఏడు మాటల ధ్యానం ముగిసేదాకా అందరికీ మంచినీళ్ళు అందిస్తూ నిలబడే పెద్దవారు ఉన్నారు. ఇంత పని చేసేవారి చేతిలో డబ్బు ఉండదు, తాళం ఉండదు, నిర్ణయం అసలే ఉండదు. ఆ మూడూ చేతికిస్తే సంఘంలో ఏం జరుగుతుందో ఒక పాస్టరేటు (ఒకే కాపరి కింద ఉండే కొన్ని సంఘాల సముదాయం) అనుభవం నుంచి వివరంగా రాస్తున్నాను. ఇలాంటి ప్రయత్నం తలపెట్టిన కాపరులకు, సంఘ పెద్దలకు పనికివస్తుందని నా ఆశ. మనుషులకు ఇబ్బంది కలగకుండా ఊళ్ళ పేర్లు, వ్యక్తుల పేర్లు రాయడం లేదు.

కృష్ణా డెల్టాలోని సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) పాస్టరేటు ఇది. చిన్న పట్టణంలో పెద్ద గుడి, చుట్టూ పొలాల మధ్య ఆరు గ్రామ సంఘాలు. నేను ప్రెస్బిటరుగా, అంటే అభిషేకం పొందిన కాపరిగా, బదిలీ మీద వెళ్ళేసరికి గుడి గోడకు ఉపసంఘాల జాబితా ఒకటి చట్రం కట్టి ఉంది. ఆరాధన, సువార్త, సండే స్కూలు, స్త్రీల మైత్రి, యువజనులు, ఆస్తులు అన్నీ అందులో ఉన్నాయి. ఒక్కోదాని కింద అయిదారు పేర్లు. తమ పేరు అక్కడ ఉన్నట్టు వారిలో కొందరికి తెలియదు. పాస్టరేట్ కమిటీ ఎన్నికలయ్యాక గెలిచినవారూ ఓడినవారూ నొచ్చుకోకుండా పేర్లు పంచి రాసిన జాబితా అది. ఆ ఉపసంఘాలు కూర్చున్నట్టు మినిట్స్ పుస్తకంలో ఎక్కడా లేదు.

పనంతా అయ్యగారి (కాపరి) మీద, కార్యదర్శి మీద, కోశాధికారి మీద పడేది. మైకు పాడైతే అయ్యగారికి ఫోను. సమాధి తవ్వే మనిషి రాకపోతే అయ్యగారికి ఫోను. బాప్తిస్మపు రిజిస్టరు నకలు, పెళ్ళి ప్రకటన, గుడి వెనక బోరు మోటారు, అన్నీ ఒకే గుమ్మం ముందుకు వచ్చేవి. ఆదివారం పట్టణంలో ఆరాధన ముగించి బండి మీద రెండు గ్రామాలకు వెళ్ళడమే కాపరికి గగనమయ్యేది. తక్కిన నాలుగు గ్రామాల్లో ఆ వారం ఎవరైనా పూనుకుంటే ఆరాధన, లేకపోతే లేదు. ఉదయం గుడి తలుపు తీసి దీపం పెట్టి, అయ్యగారు రారని తెలిశాక మళ్ళీ తాళం వేసుకుని వెళ్ళిన రోజులను ఒక గ్రామంలో పెద్దావిడ నాకు చెప్పింది. ఫిర్యాదు చేయాలని ఆమె చెప్పలేదు. ఆ ఊళ్ళో అది మామూలు విషయమైపోయింది, నన్ను కలవరపెట్టినది అదే.

మనకు తెలియని పద్ధతి కాదు

ఈ డెల్టాలో సంఘాలు ఒక్క మనిషి మీద నడిచినవి కావు. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో దిగిన 1841 నుంచి ఇక్కడ సి.ఎం.ఎస్. (చర్చ్ మిషనరీ సొసైటీ) అనే ఆంగ్లికన్ మిషనరీ సంస్థ పని సాగినా, పల్లెల్లో సంఘం నిలవడానికి కారణం గ్రామ ఉపాధ్యాయులు. పగలు బడి, సాయంత్రం ప్రార్థన, ఆదివారం ఆరాధన, జ్వరం వచ్చినవారి పక్కన రాత్రి కాపలా, అన్నీ ఆ ఒక్క కుటుంబం ఆ ఊళ్ళోనే ఉంటూ చేసేది. బిషప్ వి.ఎస్. అజరయ్య ఈ పద్ధతికి గట్టి రూపం ఇచ్చారు. తిరునల్వేలి ప్రాంతం నుంచి మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయినవారు ఆయన. 1945 జనవరి 1న మరణించేదాకా దోర్నకల్ డయోసిస్‌ను (బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతాన్ని) నడిపారు. కృష్ణా ప్రాంతపు సంఘాలు కూడా ఆ కాలంలోనే దాని కిందికి వచ్చాయి.

అజరయ్యగారి పనిలో రెండు సంగతులను నేను తరచూ కమిటీల ముందు పెడతాను. బాప్తిస్మం పొందినవారి చేత తల మీద చెయ్యి పెట్టించి, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలికించేవారు. కూలి చేసుకునే మనిషికి, చదువు రానివారికి కూడా మొదటి రోజే బాధ్యత అందేది. రెండోది, దోర్నకల్‌లో కాపరి పదవికి చదివేవారితోపాటు వారి భార్యలకు కూడా శిక్షణ ఉండేది. ఆయన భార్య అంబు మరియమ్మ అజరయ్యగారు ఆ స్త్రీల మధ్య ఎంతో శ్రమించారు. ఊరికి వెళ్ళేది ఇద్దరైనప్పుడు ఒక్కరికే నేర్పడం వారికి సబబుగా తోచలేదు.

మిషన్ల నుంచి వచ్చే డబ్బు తగ్గేకొద్దీ ఆ గ్రామ ఉపాధ్యాయుల వ్యవస్థ సన్నగిల్లింది. మనిషి పోయాడు, ఆయన చేసే పని మాత్రం పాస్టరేటు కేంద్రంలోని అయ్యగారి మీదికి చేరింది. ఈ చరిత్ర తెలిస్తే, అయ్యగారే అన్నీ చూసుకోవాలనే మాట మన పూర్వికుల ఆచారం కాదని పెద్దలకు చెప్పడం తేలికవుతుంది.

మూడు గడుల కాగితం

ముందుగా ఒక పెద్ద కాగితం మీద మూడు గడులు గీశాం. సంఘంలో జరిగే ప్రతి పనికీ ఎదురుగా, చేసేది ఎవరు, నిర్ణయించేది ఎవరు, డబ్బు లేదా తాళం ఎవరి దగ్గర ఉంది అని రాశాం. ఇది నేను ఒక్కడినే కూర్చుని రాయలేదు. సండే స్కూలు టీచర్లను, గాయక బృందాన్ని, స్త్రీల మైత్రి సభ్యులను, గ్రామ పెద్దలను విడివిడిగా కూర్చోబెట్టి వారి నోటితో చెప్పించి రాయించాను.

మొదటి గడిలో ఊరంత మంది ఉన్నారు. రెండు, మూడు గడుల్లో అవే పేర్లు మళ్ళీ మళ్ళీ వచ్చాయి. గాయక బృందం శనివారం సాయంత్రం సాధనకు వస్తే మైకు పెట్టె తాళం కోసం ఒక పెద్దాయన ఇంటి ముందు నిలబడాలి. సండే స్కూలు టీచర్లు రంగు పెన్సిళ్ళు, చార్టులు సొంత డబ్బుతో కొంటున్నారు. స్త్రీలు ఇంటింటికీ తిరిగి పిడికెడు బియ్యం పోగుచేసి, అమ్మి, ఏటా సంఘానికి మంచి మొత్తమే కట్టేవారు. ఆ డబ్బు దేనికి ఖర్చుపెట్టాలన్న చర్చకు ఒక్క స్త్రీని కూడా పిలిచిన గుర్తు ఎవరికీ లేదు.

ఆ కాగితాన్ని కమిటీ ముందు పరిచినప్పుడు ఎవరినీ తప్పుపట్టే అవసరం రాలేదు. ఎవరికి వారే చదువుకున్నారు. ఇరవై ఏళ్ళకు పైగా లెక్కలు చూస్తున్న కోశాధికారిగారు తన పేరును వేలితో లెక్కపెట్టుకుని, "ఇన్ని నా మీద ఉన్నాయని నాకే తెలియదు అయ్యగారూ" అన్నారు. ఆయన నిజాయితీపరుడు. ఇలాంటి సంఘాలలో అధికారం ఒకచోట పేరుకుపోవడానికి దురాశే కారణమనుకుంటే మనిషిని అవమానించి పంపేస్తాం. చాలాసార్లు, నమ్మకస్థుడైన మనిషికి ఒక్కో పనీ అప్పగిస్తూ పోవడం వల్లనే అలా జరుగుతుంది.

తరవాతి నెల కమిటీలో అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయం చదివాం. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగారు. అపొస్తలులు అర్హతలు చెప్పారు, ఎన్నుకున్నది సంఘం, ప్రార్థన చేసి చేతులుంచింది మళ్ళీ అపొస్తలులు. ఎన్నికైన స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు, ఏడుగురివీ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిందన్న వర్గం చేతికే వడ్డన అప్పగించినట్టు ఆ పేర్లనుబట్టి తోస్తుంది. నిర్గమకాండము పద్దెనిమిదిలో భారమంతా ఒక్కడివే మోయక పంచుకోమని యిత్రో మోషేకు చెప్పిన సలహా కూడా చదివాం కానీ, కమిటీని కదిలించింది ఆ ఏడు పేర్లే. మన సంఘంలో సణిగేది ఎవరు అని ఒక పెద్దాయన అడిగారు. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. పట్టణంలోనే గుడికి దూరంగా ఉన్న రెండో పేట గురించి అందరికీ తెలుసు. మాల, మాదిగ కుటుంబాలు ఒకే గుడిలో కూర్చున్నా కమిటీలో, ఖర్చులో, మరణ సమయంలో తేడా కనిపించే సంఘాలు మన దగ్గర ఇంకా ఉన్నాయి. ఈ సంఘమూ అందుకు మినహాయింపు కాదు.

మరణంతో మొదలుపెట్టాం

ఒకేసారి పది బృందాలు వేయవద్దని ముందే అనుకున్నాం. ఒక్కటి నిలబడేదాకా రెండోదాని జోలికి పోలేదు. ఎంచుకున్నది పరామర్శ బృందం. ఒక ఇంట్లో మరణం జరిగితే ఏమేమి కావాలో మన ఊళ్ళలో తెలియనివారు లేరు. పెట్టె, సమాధి తవ్వే మనుషులు, బండి, షామియానా, కుర్చీలు, రాత్రంతా కూర్చుని పాడేవారు, దూరం నుంచి వచ్చే బంధువులకు టీ. డబ్బున్న ఇంట్లో ఇవన్నీ గంటలో అమరుతాయి. లేని ఇంట్లో కొడుకు తండ్రి శవాన్ని వదిలి అప్పు కోసం తిరుగుతాడు. సంఘం సంఘంగా నిలబడవలసిన గడియ అదేనని నేను గట్టిగా నమ్ముతాను.

అర్హతలు కమిటీ చెప్పింది. ఆదివారం ఆరాధన తరవాత సంఘం పేర్లు ప్రతిపాదించింది. అయిదుగురు వచ్చారు. రెండో పేట నుంచి ఒక ఆటో డ్రైవరు, ఒక అంగన్‌వాడీ టీచరు. పెద్ద పేట నుంచి విశ్రాంత పోస్టుమాన్, కుట్టు మెషిను మీద బతికే ఒకావిడ, ఒక డిగ్రీ విద్యార్థి. ఆరాధనలో అందరి ఎదుట వారి కోసం ప్రార్థన చేశాం. అదే రోజు వారి చేతికి సమాధుల తోట గేటు తాళం, కుర్చీలున్న గది తాళం, ఒక పేజీ కాగితం ఇచ్చాం. ఒక్కో మరణానికి 8,000 రూపాయల వరకు ఎవరినీ అడగకుండా ఖర్చుపెట్టవచ్చని, ఇద్దరి సంతకంతో వారం లోపల లెక్క చూపాలని, అంతకు మించితే కార్యదర్శికి ఫోను చేయాలని ఆ కాగితంలో ఉంది. ఇంతకన్నా ఏమీ లేదు. ఆ పేజీని వివరణలతో నింపి ఉంటే వారు చదివేవారు కాదు.

పరీక్ష త్వరగానే వచ్చింది. నేను డయోసిస్ సమావేశంలో ఉండగా రెండో పేటలో ఒక కూలీ గుండెపోటుతో చనిపోయాడు. పక్క పాస్టరేటు ప్రెస్బిటరుగారు వచ్చి సమాధి ఆరాధన జరిపించారు. తక్కినదంతా బృందమే చూసింది. నాకు సమాచారం ఇస్తూ ఒక్క ఫోను వచ్చింది, ఏం చేయమంటారు అనే ఫోను మాత్రం రాలేదు.

గొడవ తరవాత మొదలైంది. ఆ కుటుంబం రెండేళ్ళుగా చందా కట్టలేదు. బకాయి ఉన్నవారికి సంఘం డబ్బు ఎలా ఖర్చుపెట్టారని కమిటీలో కొందరు లేచారు. చందా బాకీ తీర్చనిదే సమాధి స్థలం ఇవ్వని అలవాటు కొన్ని సంఘాలలో ఉన్న మాట నిజం, అది నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. బృందాన్ని కమిటీకి పిలిచాం. ఆటో నడిపే సోదరుడు లేచి, "శవం ముందు కూర్చున్న తల్లిని రసీదు పుస్తకం చూపించమని అడగడానికి మాకు నోరు రాలేదు అయ్యగారూ" అన్నాడు. ఖర్చు పరిమితి లోపలే ఉంది, రెండు సంతకాలు ఉన్నాయి, లెక్క వారం లోపల వచ్చింది. రాసుకున్న నియమం ప్రకారం ఆ నిర్ణయం వారిది, దాన్ని మార్చే హక్కు ఇప్పుడు మనకు లేదని చెప్పాను. చర్చ వేడిగా సాగింది. చివరకు మరణ సమయంలో ఎవరి చందా లెక్కా అడగకూడదని కమిటీ తీర్మానం రాసింది. ఈ అనుభవం మొత్తంలో మలుపు ఏదని ఎవరైనా అడిగితే ఆ రాత్రి కమిటీ అని చెబుతాను. బృందం నిర్ణయం నాయకులకు నచ్చనప్పుడు దాన్ని నిలబెడతారా లేదా అన్నది సంఘమంతా గమనిస్తూ ఉంది. అది నిలబడ్డాకే తక్కిన పనులకు మనుషులు వాళ్ళంతట వాళ్ళు ముందుకు వచ్చారు.

గ్రామాలు, పాటలు, పిల్లలు

రెండో మెట్టు గ్రామ ఆరాధన. ఊరికి ముగ్గురు చొప్పున ఎంపిక జరిగింది, అందులో ఒకరైనా స్త్రీ ఉండాలన్నది షరతు. నెలకు ఒక శనివారం అందరూ పట్టణంలో కలిసి, వచ్చే వారాల వాక్యభాగాలు చదివి, ఒక్కొక్కరూ పది నిమిషాలు మాట్లాడి చూపేవారు. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన) ప్రెస్బిటరు చేతుల మీదుగానే జరగాలి కాబట్టి దాని తేదీలు ముందుగానే రాసి ఊళ్ళకు పంపేవాళ్ళం. మిగిలిన ఆదివారాలు వారివి. స్త్రీలు వాక్యం చెప్పడమేమిటని ఒక ఊళ్ళో అభ్యంతరం వచ్చింది. మన సి.ఎస్.ఐ.లోనే 2013లో ఇ. పుష్పలలితగారు నంద్యాల బిషప్‌గా అభిషేకం పొందారని, ఆమె మన తెలుగు నేల మీదే ఆ పని చేశారని చెప్పాను. వాదన అంతటితో తీరలేదు. ఆ ఊరి సోదరి మూడు నాలుగు వారాలు వాక్యం చెప్పాక తీరింది.

ఇంకో గ్రామంలో కథ అంత బాగా సాగలేదు. రెండు పేటలవారినీ ఒకే బృందంలో వేశాం. శనివారం శిక్షణ తరవాత అందరూ కలిసి భోజనం చేయాలన్న ఏర్పాటు ఒక కుటుంబానికి మింగుడుపడలేదు. వారు గుడికి రావడం మానేశారు. మాట్లాడడానికి నేను వెళ్ళాను, పెద్దలు వెళ్ళారు. వారు రాలేదు. విడివిడిగా వడ్డిస్తే వస్తామన్న సంకేతం అందింది. దానికి ఒప్పుకోలేదు. బృందాన్ని కాపాడడానికి సువార్తనే వదులుకుంటే ఆ బృందంతో సంఘానికి పనేముంది?

గాయక బృందంలో తగాదా వేరే రకం. కీబోర్డు, ప్యాడ్స్ వాయించే కుర్రవారికి కొత్త పాటలు కావాలి, పెద్దవారికి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కావాలి. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనల మీద రాగం, తాళం అచ్చయి ఉన్నా వాటిని ఆ రాగంలో పాడగలిగేవారు సంఘంలో ఒకరిద్దరే మిగిలారు. ప్రతి ఆరాధనలో రెండు కీర్తనలు ఉండాలని, వాటిని ఒక పెద్దాయన కుర్రవారికి నేర్పాలని, తక్కిన పాటల ఎంపికలో ఎవరూ జోక్యం చేసుకోకూడదని నిర్ణయమైంది. మైకు పెట్టె తాళం బృందానికి వెళ్ళింది. పెద్దాయనకు తబలా కొట్టే శిష్యుడు దొరికాడు, ఇద్దరూ ఇప్పుడు శనివారం అందరికన్నా ముందు వస్తున్నారు.

సండే స్కూలు విషయంలో స్వేచ్ఛతోపాటు ఒక కట్టడి కూడా పెట్టాం. ఏ గదిలోనూ పెద్దవారు ఒక్కరే పిల్లలతో ఉండకూడదు, ఇద్దరుండాలి, తలుపు తెరిచి ఉండాలి. మా మీద అనుమానమా అని కొందరు టీచర్లు నొచ్చుకున్నారు. పిల్లల రక్షణకు 2012లో వచ్చిన పోక్సో చట్టం ఏం చెబుతుందో ఒక న్యాయవాది సోదరి వచ్చి వివరించింది. ఈ నియమం పిల్లలనూ కాపాడుతుంది, టీచర్లనూ కాపాడుతుంది. ఇందులో సడలింపు అడిగినా ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా.

నడిపించడం అంటే

బృందం వేయడంకన్నా నడపడం కష్టం. నెలకోసారి బృంద నాయకులందరితో కూర్చునేవాణ్ణి. ఒక్కొక్కరూ మూడు మాటలు చెప్పాలి. ఏం జరిగింది, ఎక్కడ ఆగింది, ఎవరు అలసిపోయారు. మూడో ప్రశ్న వేయకపోతే మొదటి రెండింటికీ జవాబులు మర్యాదగా వస్తాయి కానీ నిజంగా రావు. కుట్టు పని చేసే సోదరి పెళ్ళిళ్ళ నెలల్లో రాత్రంతా మెషిను మీద ఉంటుందని, ఆ నెలల్లో మరణమొస్తే ఆమె నలిగిపోతోందని ఆ ప్రశ్న వల్లే తెలిసింది. ఆ నెలలకు మరొకరిని జోడించాం.

ఇద్దరి మధ్య మాట పట్టింపు వస్తే మత్తయి పద్దెనిమిదిలోని వరుసనే పాటించాం. ముందు ఒంటరిగా, తరవాత ఒకరిద్దరితో, ఆ తరవాతే సంఘం. నా దగ్గరికి వచ్చి ఇంకొకరి మీద చెప్పేవారిని, ఆయనతో మాట్లాడారా అని అడిగి వెనక్కి పంపేవాణ్ణి. మొదట్లో కొందరికి కోపం వచ్చింది. కాపరి చెవి ఒక వర్గానికి దొరికితే బృందం ఆ రోజే చీలిపోతుంది.

కోశాధికారిగారిని పక్కకు తప్పించమని సలహా ఇచ్చినవారు ఉన్నారు. ఆయనను అడిగింది వేరు. ఇద్దరు యువతీయువకులకు లెక్కలు నేర్పండి, కానుకలు ఇకనుంచి ముగ్గురూ కలిసి లెక్కపెట్టండి, సోమవారం బ్యాంకులో వేసి రసీదు నోటీసు బోర్డు మీద పెట్టండి అని. ఆయన నేర్పారు. రెండేళ్ళ తరవాత తనే పదవి వదిలి, లెక్కల తనిఖీకి మాత్రం కూర్చున్నారు. రసీదులు బోర్డు మీదికి వచ్చాక చందాలు పెరిగాయి. దానికి నేనేమీ ప్రసంగం చేయలేదు.

నిలబడనివి కూడా ఉన్నాయి. పదో తరగతి పిల్లలకు సాయంత్రం చదువు చెప్పే బృందం మూడు సార్లు మొదలై మూడు సార్లు ఆగింది. చెప్పగలిగే కుర్రవారు డిగ్రీ అవగానే హైదరాబాద్, బెంగళూరు వెళ్ళిపోతారు. వలస ఉన్న ఊళ్ళో యౌవనస్థుల మీదే ఆధారపడే బృందం ఎక్కువకాలం సాగదు. ఊళ్ళో స్థిరంగా ఉండే గృహిణులు, చిన్న వ్యాపారులు, విశ్రాంత ఉద్యోగులు మధ్యలో ఉంటేనే అది నిలుస్తుంది. పరామర్శ బృందంలో డిగ్రీ విద్యార్థి వెళ్ళిపోయినా పని ఆగలేదంటే మిగతా నలుగురూ ఊరివాళ్ళు కావడమే కారణం.

సి.ఎస్.ఐ.లో ప్రెస్బిటర్లకు బదిలీలు తప్పవు. నాకూ ఉత్తర్వు వచ్చింది. కొత్తగా వచ్చే అయ్యగారికి బృందాలను నేను పరిచయం చేయలేదు. ఎవరి పని వారే కాగితాలతో, లెక్కలతో, తాళాలతో ఆయన ముందు పెట్టారు. ఆయన ఓపికగా విని, ఇందులో నా అనుమతి కావలసినవి ఏవి అని అడిగారు. పరామర్శ బృందం ఒక్కటే అడిగింది. పెట్టెల ధర పెరిగింది కాబట్టి 8,000 పరిమితిని 12,000 చేయాలని వారి కోరిక. అది నా నిర్ణయం కాదు, కమిటీది, అక్కడికి మీరే వచ్చి చెప్పండి అన్నారాయన. మరుసటి నెల కమిటీ అజెండాలో అది మొదటి అంశంగా చేరింది.